అటక మీద 2003

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అన్నిటికంటే చివర మిగిలేది అటక. 2025 మే నెలలో లింగంపల్లిలో మేం ఇరవై రెండేళ్లు కాపురమున్న అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పుడూ అదే జరిగింది. ఆవకాయ జాడీలు, ఇత్తడి బిందె, పాత కుట్టుమిషను ఒక్కొక్కటే దింపాక కింద పరిచిన పేపర్లు బయటపడ్డాయి. పసుపు రంగుకి తిరిగిపోయి, ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. తేదీలు చూశాను. జనవరి 2003... మార్చి... ఆగస్టు... అక్టోబరు. మేం ఆ ఇంట్లో దిగిన ఏడాదివి! మరుసటి సంక్రాంతికి అటక దులిపి, ఏడాదిపాటు పోగైన పేపర్లలోంచి పరిచానన్నమాట.

‘‘ఆటో ట్రాలీ వచ్చేసింది, ఇంకా ఏం చేస్తున్నావు?’’ అని మావారు కింద నుంచి కేకేస్తూనే ఉన్నారు. నేను మాత్రం నేలమీద చతికిలబడి చదవడం మొదలుపెట్టాను.

మాది తెనాలి. పెళ్లయిన ఆర్నెల్లకి, 2003 సంక్రాంతి వెళ్లిన వారంలో లింగంపల్లి వచ్చాం. మావారికి నాంపల్లిలో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కల పని. నాంపల్లిలో ఉద్యోగమైతే లింగంపల్లిలో ఇల్లేమిటని మీరు అడగొచ్చు. అద్దె తక్కువ... అంతకు మించి కారణం లేదు. మమ్మల్ని చూడ్డానికి మొదటిసారి వచ్చిన మా నాన్నగారు బాగ్‌లింగంపల్లిలో దిగి, మా ఇంటి కోసం రెండు గంటలు తిరిగారు. అది ఊరి నడిబొడ్డున ఉన్న లింగంపల్లి. మాది పడమటి చివర, శేరిలింగంపల్లి. రైల్వేవాళ్ల బోర్డు మీద మాత్రం ఉత్త లింగంపల్లే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి నిజాం జమానాలో వేసిన లైను ఇది. ఆ తర్వాత 1960లలో పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది, 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వచ్చింది. అయినా మేం దిగేనాటికి స్టేషన్ దాటితే బండరాళ్లు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలే. పొద్దున్నే లేబర్ అడ్డా దగ్గర పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్లు పారలు, తట్టలు పట్టుకుని నిలబడేవారు. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది కదా, దాని చుట్టూ లేస్తున్న మేడలన్నిటికీ ఆ చేతులే కావాలి.

జనవరి పేపర్లో సినిమా పేజీ నిండా ‘ఒక్కడు’. పాతబస్తీలో షూటింగ్ కష్టమని నగర శివార్లలో చార్మినార్ సెట్ వేశారని అప్పట్లో ఎక్కడ చూసినా అదే కబురు. మేం అసలు చార్మినార్ చూసింది ఆ సినిమా చూసిన నెలకి! ‘సినిమాలోదే బావుంది’ అన్నాను. మావారు ఇప్పటికీ ఆ మాటతో ఏడిపిస్తారు.

ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా పోయింది. మార్చి 23న ప్రపంచకప్ ఫైనల్. స్టేషన్ రోడ్డులో టీ కొట్టువాడు బల్లమీద టీవీ పెడితే ఊరంతా అక్కడే. ఆస్ట్రేలియా 359 కొట్టేసరికి సగం మంది చాయ్ తాగకుండానే ఇళ్లకు పోయారు. ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మాకు దగ్గర్లోని చేవెళ్ల నుంచే మొదలైంది. చేవెళ్లలో మొదలై జూన్‌లో ఇచ్ఛాపురం చేరింది. ఆ ఎండలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మే, జూన్ నెలల్లో రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు. మా వీధిలో బోరు ఎండిపోయి, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. లేబర్ అడ్డా దగ్గర జనం మాత్రం తగ్గలేదు, పెరిగారు. ఊళ్లో వానల్లేకపోతే వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు!

ఇక ఆగస్టు పేపర్లు. వాటి దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాను. గోదావరి పుష్కరాలు జరుగుతున్న రోజులవి. మొదటి పేజీ నిండా రాజమండ్రి ఘాట్లు. ఆగస్టు 9, శనివారం... అప్పటి ఉపప్రధాని ఎల్.కె.అద్వానీ ఎంఎంటీఎస్ రైలుకి పచ్చజెండా ఊపారు. అసలు పేరు మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టం. మా వీధిలో ఆ పేరు పలికినవాళ్లు ఎవరూ లేరు, ‘లోకల్ రైలు’ అనేవారు. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖర్చు భరించాయి. ఉన్న పట్టాలే, ఉన్న ఊళ్లే. చందానగర్, హఫీజ్‌పేట, బోరబండ, భరత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్... ఆఖర్న నాంపల్లి! అప్పటిదాకా మావారు 218 నంబరు బస్సులో వేలాడుతూ వెళ్లి, మధ్యలో దిగి, ఇంకో బస్సెక్కి, గంటన్నరకి గానీ దుకాణం చేరేవారు కాదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర, అన్నం తింటూనే కునికిపాట్లు. రైలొచ్చాక ఏడింటికల్లా వీధి మలుపులో కనిపించేవారు. కొత్తగా పెళ్లయినదానికి రోజుకి గంటన్నర మిగిలితే అదెంత సంపదో వేరే చెప్పాలా? ఆ ఏడాది పేపర్లో పడ్డ వార్తల్లో మా ఇంటిదాకా నడిచొచ్చింది ఇదొక్కటే.

అలాగని అంతా బాగుందని కాదు. హైటెక్ సిటీ అని పేరున్న స్టేషన్‌లో దిగితే హైటెక్ సిటీ కనిపించదు, మళ్లీ ఆటో ఎక్కాలి. రైళ్లూ స్టేషన్లకి అనుసంధానంగా బస్సులూ అన్నది పేరులో ఉన్నంత గట్టిగా నేలమీద ఉండేది కాదు. వాన పడితే లింగంపల్లి రైల్వే వంతెన కింద నీళ్లు నిలిచి అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. కరోనాతో 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ 2021 జూన్‌లో గానీ మళ్లీ కదల్లేదు. ఆ పదిహేను నెలల్లో బస్సులకి, షేర్ ఆటోలకి అలవాటుపడ్డవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. మెట్రో మియాపూర్ దాకా వచ్చి ఆగింది. మా స్టేషన్‌కి మరో యోగం పట్టింది లెండి. కాకినాడ వెళ్లే గౌతమి, తిరుపతి వెళ్లే నారాయణాద్రి ఇక్కడి నుంచే బయల్దేరుతున్నాయి. రాత్రయితే ప్లాట్‌ఫారం మీద గోదావరి యాస వినబడుతుంది.

రైలు మొదలైన వారంలోనే మా ఇంటి ఓనరు పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ‘‘రైలొచ్చింది బిడ్డా, ఇగ జాగల ధరలు ఆగయి. నల్లగండ్ల దిక్కు రెండొందల గజాలు కొనుక్కోరాదు? ఉన్న బంగారమన్న పెట్టు.’’ నేను మావారికి చెప్పాను. ‘‘ఆ రాళ్లల్లోకి ఎవరొస్తారు పెద్దమ్మా?’’ అని నవ్వేశారాయన. నా బంగారం నా మెడలోనే ఉంది. నల్లగండ్లలో ఆ రాళ్లు ఇప్పుడు లేవు. ఈ సంగతి మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లయినా వస్తుంది, వచ్చిన రోజు కూరలో ఉప్పు ఎక్కువవుతుంది.

సెప్టెంబరు నెలాఖరులో బతుకమ్మ. మా తెనాలిలో నేను చూడని పండగ. పెద్దమ్మ వెనక నేనూ బుట్ట పట్టుకుని స్టేషన్ అవతల బీళ్లలోకి వెళ్లాను. తంగేడు, గునుగు కోసినంత. పువ్వు పేర్చడంలో ఒక లెక్క ఉంది... కింద గుమ్మడాకు, దానిమీద గునుగు రంగులద్ది, మధ్యలో తంగేడు, పైన పసుపు గౌరమ్మ. అక్టోబరు 1 సాయంత్రం కూడా ఆడుతున్నాం. ఎవరో పరుగున వచ్చి తిరుపతి అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద బాంబు పేలిందన్నారు. మగవాళ్లంతా టీవీల ముందుకి పోయారు. పాట కాసేపు ఆగింది. ఆయన బతికారని తెలిసి, పెద్దమ్మే మళ్లీ చప్పట్లు మొదలుపెట్టింది. నవంబరులో శాసనసభ రద్దయింది, ఆ పేపరు మా అటక మీద సగమే మిగిలింది. తంగేడు పువ్వు ఇప్పుడు మేం చందానగర్‌లో కవర్ల లెక్కన కొంటున్నాం.

ఆటల పేజీలు విడిగా కట్ట కట్టినట్టు ఒకేచోట దొరికాయి. అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో-ఏషియన్ గేమ్స్. ఢిల్లీలో జరగాల్సినవి హైదరాబాద్‌కి వచ్చాయి. 96 దేశాలు, రెండువేలకు పైగా క్రీడాకారులు. ప్రారంభోత్సవం మా పక్కనే, గచ్చిబౌలిలో, అంతకు ముందేడాది హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టిన స్టేడియంలో. దీపావళి కూడా ఆ రోజుల్లోనే. మేడమీద నుంచి చూస్తే ఏది పండగ టపాసో, ఏది స్టేడియం బాణసంచానో తెలిసేది కాదు. లాంగ్‌జంప్‌లో అంజూ బాబీ జార్జికి స్వర్ణం. హాకీలో మగవాళ్లు, ఆడవాళ్లు ఇద్దరూ గెలిచారు, మగవాళ్లయితే ఫైనల్లో పాకిస్థాన్ మీద! మన హైదరాబాదీ సానియా మీర్జాకి అప్పుడు పదహారేళ్లు, నాలుగు స్వర్ణాలు ఆమెవే. మొత్తం 19 స్వర్ణాలతో భారత్ రెండోస్థానంలో నిలిచింది. ప్రపంచమే మా గుమ్మంలోకి వచ్చిందనుకున్నాం. ఆ ఆటలు ఆ తర్వాత ఇంకెక్కడా జరగలేదు. మొదటిసారీ అదే, చివరిసారీ అదే. స్టేడియం ప్రాంగణంలోని ఎత్తయిన భవనం 2020లో కరోనా ఆసుపత్రి అయ్యింది. ఆటల సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే ‘అలాంటివి కూడా ఉంటాయా’ అంటారు.

ఆ ఆటల వేడిలోనే ఇంకో సంగతి జరిగింది. అప్పుడు చదివానో లేదో గుర్తులేదు. 2003 ఆగస్టులో, అంటే మా రైలు మొదలైన నెలలోనే, విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే సంస్థకి క్రీడా అకాడమీల కోసం ఇస్తూ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. అకాడమీ రాలేదు. 2006లో తర్వాతి ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. ఆ సంస్థ కోర్టుకెళ్లింది. ఏళ్లకేళ్లు కేసు నడిచి 2024లో హైకోర్టులోనూ, ఆపైన సుప్రీంకోర్టులోనూ ఓడిపోయింది. ఈ ఇరవై ఏళ్లూ కేసు కాగితాల్లో ఉంటే, నేల మాత్రం తన పని తాను చేసుకుంది. చెట్లు పెరిగాయి. నెమళ్లు, జింకలు చేరాయి. ఐటీ వసారాలో అంత ఖాళీ ఇంకెక్కడా మిగల్లేదు మరి.

ఇదంతా నాకు ఇంత వివరంగా ఎలా తెలుసంటే, మా అమ్మాయి 2004లో ఆ అద్దె ఇంట్లోనే పుట్టి, ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలోనే ఎం.ఏ. చదువుతోంది. 2025 ఉగాది రోజు, మార్చి 30న, పచ్చడి తిని హాస్టల్‌కి వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసింది. వెనక ఏవో యంత్రాల మోత, అరుపులు. ‘‘అమ్మా, బుల్డోజర్లు వచ్చాయి, నెమళ్లు అరుస్తున్నాయి’’ అంది. ‘‘నువ్వు ముందుకెళ్లకే తల్లీ’’ అన్నాను. పిల్లలు ఊరుకుంటారా! ఆ నేల ప్రభుత్వానిదని ఒకరు, విశ్వవిద్యాలయానిదని ఒకరు, అడివని ఒకరు. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో టీవీ ఆపలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని చెప్పేదాకా మావారు నిద్రపోలేదు. నల్లగండ్ల రాళ్లని చూసి నవ్విన మనిషే, ‘‘ఆ కాస్తయినా ఉంచితే వీళ్ల సొమ్మేం పోయింది?’’ అని టీవీతో పోట్లాడారు. పెద్దమ్మ కొడుకు కూడా ఆ పక్కనే కూర్చుని విన్నాడు. అతను అప్పటికే మా ఇంటిని అపార్ట్‌మెంటు కట్టేవాళ్లకి ఇచ్చేశాడు. అందుకే కదా ఈ ఖాళీ చెయ్యడాలు!

పెద్దమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె పెట్టిన ఉసిరిచెట్టు మాత్రం ఆ రోజుకి ఇంకా పెరట్లో ఉంది.

సామాన్లెక్కించడానికి వచ్చిన మా అమ్మాయి నా చేతిలోంచి ఆగస్టు పేపరు తీసుకుంది. రైలు ఫొటో ఉన్న పేజీ తిప్పి లోపలి పేజీలు వెతికింది. ఆ ఒక్క పేపరు చిరక్కుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని తన సంచిలో వేసుకుంది. ‘‘మిగతావి ఏం చేస్తావమ్మా?’’ అంది.

అంజూ బాబీ జార్జి ఉన్న పేజీలో స్టీలు గ్లాసులు చుట్టాను. ప్రపంచకప్పు పేజీ జాడీల మధ్య పెట్టాను. కొత్త ఇల్లు చందానగర్‌లో, స్టేషన్‌కి ఐదు నిమిషాలు. దానికి అటక లేదు.