రెండు బస్తాలు, ఒకే నలభై ఆరు

నారాయణఖేడ్‌లో వానలు మొదలవగానే ఎరువుల దుకాణాల ముందు కనబడే రెండు బస్తాల కబురు చెప్పుకుందాం. ఒకటి యూరియా, ఇంకోటి డీఏపీ. రెండింటి మీదా 46 అనే అంకె ఉంటుంది. యూరియా మీది నత్రజని శాతం. డీఏపీ మీది భాస్వరానిది, కానీ ఆక్సైడ్ రూపంలో కట్టిన లెక్క. అసలు భాస్వరం ఇరవై శాతమే; యాభై కిలోల బస్తాలో పది కిలోలన్నమాట.

నత్రజని, భాస్వరం ఒక ఇంటి అన్నదమ్ములు. ఇంటర్ పిల్లలు 15వ గ్రూపని చదువుతారే, అదే: నత్రజని, భాస్వరం, ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్. బయటి కక్ష్యలో అందరికీ అయిదేసి ఎలక్ట్రాన్లే. అయినా పెద్దవాడి తీరు వేరు. నత్రజని పరమాణువు చిన్నది కాబట్టి, రెండు చేరితే మూడు బంధాలతో బిగిసిపోతాయి. విడదీయాలంటే మోలుకు 945 కిలోజౌళ్లు కావాలి. గాలిలో 78 శాతం అదే ఉన్నా పత్తి మొక్కకు నేరుగా పిసరంతైనా అందదు! భాస్వరం లావుపాటిది, అలా బిగుసుకోలేదు. నాలుగు పరమాణువులు 60 డిగ్రీల కోణాల్లో ఇరుక్కుని కూర్చుంటాయి. అందుకే తెల్ల భాస్వరం 30 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది, నీళ్లలో దాస్తారు.

చేలోనూ అంతే. యూరియా పైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా గాలికి పోతుంది, నైట్రేటుగా మారితే వాననీటితో కిందికి జారుతుంది. భాస్వరం నల్లరేగడిలోని కాల్షియాన్ని పట్టుకుని వేసినచోటే ఉండిపోతుంది. అందుకే డీఏపీ అడుగుమందు, యూరియా విడతలుగా పైపాటు.

ఈసారి పూతకు ముందు ఒక కంది మొక్కను మట్టితో సహా పెకలించి చూడండి. వేళ్లకు చిన్న బుడిపెలుంటాయి. ఒకటి గోటితో చిదిమితే లోపల గులాబి ఎరుపు కనిపిస్తే, గాలిలోని నత్రజనిని విడదీసే పని జరుగుతున్నట్టే. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ నాలుగైదు వందల డిగ్రీల వేడిలో, గట్టి ఒత్తిడిలో చేసే పనిని అక్కడి బాక్టీరియా మామూలు నేల వేడిలోనే చేసేస్తాయి. కాకపోతే ఒక్కో నత్రజని అణువుకు కణాల్లో శక్తిని మోసే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చు. ఏటీపీలో ఉండేది భాస్వరం! అన్నను విడదీయడానికి తమ్ముడే కావాలి. కందికి నత్రజని కొంచెం చాలు, భాస్వరం మాత్రం తగ్గనివ్వొద్దనేది ఇందుకే.

ఆ ఏటీపీని 1929లో వెలికితీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అంతకుముందు 1925లోనే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, మాలిబ్డేటు కలిపితే వచ్చే నీలిరంగును బట్టి భాస్వరాన్ని లెక్కగట్టే పద్ధతి చూపించారు. భూసార పరీక్షలో మన మట్టి నమూనాకు వచ్చేదీ ఆ నీలమే. ఎంత గొప్ప పని!

మళ్లీ ఆ 15వ గ్రూపుకే వస్తే, కిందికి దిగేకొద్దీ లోహపు గుణం పెరుగుతుంది. బిస్మత్ ఆక్సైడ్ క్షార గుణం చూపుతుంది, దాని హైడ్రైడు నిలవదు. మధ్యలోని ఆర్సెనిక్‌తోనే జాగ్రత్త. ఆర్సెనేటు కూడా మాలిబ్డేటుతో నీలమే ఇస్తుంది. వేరూ మోసపోయి ఫాస్ఫేటు దారినే దాన్ని లోపలికి రానిస్తుంది. ఏటీపీ తయారీలో ఫాస్ఫేటు చోట అది దూరితే, దాని బంధం బలహీనం కాబట్టి నీరు తగలగానే తెగిపోతుంది. కణానికి అందాల్సిన శక్తి అక్కడే ఆగిపోతుంది.