మేనమామ జబ్బు

‘వంశపారంపర్యం’ అనే మాట మన ఇళ్ళలో తీర్పులాగా వినబడుతుంది. మా తమ్ముడికి ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. ఎవరూ లేని గదిలో మాటలు వినబడుతున్నాయనేవాడు. అన్నంలో విషం కలిపారని కంచం నెట్టేసేవాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. మందులు మొదలుపెట్టాక కుదుటపడ్డాడు. ఇప్పుడు ఒక కిరాణా కొట్టులో లెక్కలు రాస్తాడు. నా లెక్కల కంటే వాడి లెక్కలే నయం.

అయినా మా అక్క కూతురికి వచ్చిన సంబంధం, “మేనమామకు పిచ్చి అటగా” అన్న ఒక్క మాటతో వెనక్కి పోయింది. ఆ పిల్ల నన్నడిగింది: “మామయ్యా, నాకూ వస్తుందా?”

లెక్క చూద్దాం. ఈ జబ్బు జీవితకాలంలో నూటికి సుమారు ఒకరికి వస్తుంది. రోగి తోబుట్టువుల్లో నూటికి సుమారు తొమ్మిది మందికి, మేనకోడళ్ళు, మేనల్లుళ్ళలో ముగ్గురు నలుగురికి రావచ్చు. అంటే అలాంటి నూరు మంది పిల్లల్లో తొంభై ఆరుగురికి రాదు. పెళ్ళివారు ఈ లెక్క అడగలేదు.

జన్యువుల పాత్ర లేదని కాదు, చాలా ఉంది. 1930లో అమెరికాలో ఒకే కాన్పులో, ఒకే పోలికతో నలుగురు ఆడపిల్లలు పుట్టారు. పరిశోధకులు వారికి ‘జెనైన్’ అని మారుపేరు పెట్టారు. నలుగురికీ ఈ జబ్బు వచ్చింది. కాని ఒకామె పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నది. మరొకామె హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేకపోయింది. జన్యువులు ఒకటే అయినా బతుకులు వేరయ్యాయి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే, రెండోవారికి రాకపోవడమే ఎక్కువ.

మరి జబ్బు ఏ జన్యువులో ఉంది? ఒక్క దానిలో లేదు. 2022లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో సుమారు 76 వేల మంది రోగుల జన్యువులను పరిశీలిస్తే, 287 చోట్ల తేడాలు కనిపించాయి. ఒక్కొక్కటి పెంచే ప్రమాదం చాలా తక్కువ. అలాంటి తేడాలు మీలో, నాలో, ఆ పెళ్ళివారిలో కూడా కొన్ని ఉంటాయి. అరుదుగా మాత్రం ఒక్క మార్పే బలంగా పనిచేస్తుంది: 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించినవారిలో నలుగురిలో సుమారు ఒకరికి ఈ జబ్బు వస్తుంది.

కాన్పు కష్టం కావడం, చిన్న వయసులో గంజాయికి అలవాటు పడడం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. ఎవరికి వస్తుందో ముందే తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు. అందుకే మేనకోడలికి గంజాయి జోలికి పోవద్దని చెప్పాను. నిద్ర పట్టక, మనుషులకు దూరమై, లేని మాటలు వినబడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని చెప్పాను. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 కూడా రాసిచ్చాను. దానికి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.