గాజులూ – చక్రమూ

స్టీరింగంటే చేత్తో తిప్పేది అనుకుంటాం కదండీ? "కాదమ్మా, చేత్తో వినేది!" అంటుంది మా అమ్మాయి. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని కారు పందేలాడే పిల్ల.

దాని పాత స్టీరింగులో మోటారు బలం పళ్లచక్రాల మీదుగా చేతికొచ్చేది. సన్నటి కుదుపులు దారిలోనే అణగిపోయేవి. 2021లో వచ్చిన ఫనాటెక్ సీఎస్ఎల్ డీడీలో చక్రాన్ని నేరుగా మోటారు ఇరుసుకే బిగిస్తారు. బలం 5 న్యూటన్ మీటర్లు. పెద్ద పవర్ సప్లయి పెడితే 8. టైరు పట్టు తప్పబోతుంటే చేతికి ముందే తెలిసిపోతుందిట.

మొదటి జీతాలు కూడబెట్టి అదే కొంటానంది.

"ఆ డబ్బు బంగారంలో పెట్టవే, ఓ గాజన్నా వస్తుంది!" అన్నారు మా అత్తగారు.

"నేను కొనేదీ చేతికి గుండ్రటిదేగా మామ్మా!"

ఇద్దరూ నా వంక చూశారు. సంపాదన దానిది, సరదా దానిది. కొనుక్కోమన్నాను.

చక్రంతోపాటు లోడ్ సెల్ బ్రేకు కూడా వచ్చింది. పాదం ఎంతదూరం వెళ్లిందో కాదు, ఎంత గట్టిగా నొక్కిందో కొలుస్తుందది. ఆడపిల్ల ఎంతదూరం వెళ్లిందన్నదే ఇన్నాళ్లూ మన లెక్క. ఎంత గట్టిగా నిలబడిందో కొలిచే సాధనం ఇప్పటికి మా ఇంటికొచ్చిందన్నమాట!