వంకలు

మా ఊళ్ళో ఇప్పటిదాకా మా ఆవిడకి జాకెట్లు కుట్టిన దర్జీలు నలుగురు. ఆ నలుగురికీ, వారిలో స్వర్గస్థులైన ఇద్దరితో సహా, ఈ వ్యాసముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

సంగతేమిటంటే, జాకెట్టు ఎవరు కుట్టినా ఎడమ భుజం దగ్గర జారినట్టుండేది. చీర కుచ్చిళ్ళు ఒకవైపు నేల తుడుస్తుంటే రెండోవైపు చీలమండ కనబడేది. "కొలత సరిగ్గా తియ్యవేమయ్యా" అని దర్జీ మీదా, "కుచ్చిళ్ళు పెట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావు" అని ఆవిడ మీదా 40 ఏళ్ళు ఎగిరాను. ఆవిడ ఎదురు చెప్పలేదని అనను. చెప్పింది. "నా నడుమే అలా ఉందండీ" అనేది. నేనే వినలేదు.

ఇంతకీ నేను లెక్కల మాస్టారిని. కోణాలు కొలవడం నేర్పి పొట్ట పోసుకున్నవాణ్ణి. నల్లబల్ల మీద గీత కాస్త పక్కకి ఒరిగితే వెనక బెంచీ నుంచి కూడా పట్టేవాణ్ణి. మా ఇంట్లో కోణం మాత్రం నా కంటికి ఆనలేదు.

మూడేళ్ళ క్రితం ఆవిడకి ఎడమకాలు లాగడం మొదలైంది. నాలుగిళ్ళు దాటితే నిలబడిపోయేది. కూర్చుంటే తగ్గేది. పూర్వం ఇంటింటికీ అరుగుండేది గనక చెల్లిపోయేది. ఇప్పుడు అరుగులన్నీ షట్టర్లయిపోయాయి. కూరల బండి మీద చేతులాన్చి ముందుకి వంగితే కొంచెం హాయిగా ఉండేదిట. బేరం కోసం ఆగిందనుకుని బండివాడు ధర తగ్గించేవాడు. అదొక్కటే ఆ నొప్పివల్ల మాకు కలిగిన లాభం.

మాత్రలు, వ్యాయామాలు, నడుములో ఇంజెక్షను, అన్నీ అయ్యాయి. రెండు కార్తీకాలు గోదావరిలో దీపం వదలకుండానే గడిచిపోయాయి. చివరికి హైదరాబాదులో ఒక కుర్ర డాక్టరు నిలబెట్టి వెన్నంతా ఎక్సరే తీయించాడు. చూద్దును కదా, వెన్నెముక ఇంగ్లీషు ఎస్ అక్షరంలా ఉంది!

"దీన్ని స్కోలియోసిస్ అంటారు మాస్టారూ. అమ్మగారికిది చిన్నప్పటినుంచీ ఉండి ఉంటుంది. వయసు మీద నడుంలో డిస్కులు ఒక పక్కకి అరిగి, నరం నొక్కుకుంటోంది" అంటూ గీతలు గీశాడు. వంపుకి పైనున్న పూస తలమీదుగా ఒకటి, కిందున్న పూస అడుగునుంచి ఒకటి. ఆ రెండింటికీ మధ్య కోణం. 1948లో కాబ్ అనే అమెరికా డాక్టరు చెప్పిన పద్ధతిట. 10 డిగ్రీలు దాటితే జబ్బు కింద లెక్క. మా ఆవిడ నడుం దగ్గర 32.

"నిటారుగా చేసెయ్యండి" అన్నాను. మాస్టారి బుద్ధి!

డాక్టరు నా మాట పట్టించుకోకుండా ఆవిడనడిగాడు: "మీకేం కావాలమ్మా?"

"పుష్కరాల రేవుకి నడిచి వెళ్ళి మెట్లు దిగాలి నాయనా. వంకరంటావా, దానితోనే ఇన్నేళ్ళూ కాపురం చేశాను."

పూర్వమైతే వీపు మధ్య బారెడు కోత కోసి, కండలు రెండువైపులా ఒలిచి, కడ్డీలు బిగించేవారు. హారింగ్టన్ అనే ఆయన అలాంటి కడ్డీల గురించి 1962లో ప్రచురించాడు. ఇప్పుడు పక్కటెముకకీ తుంటికీ మధ్య చిన్న కోత పెట్టి, గొట్టంలాంటి సాధనం గుండా వెళ్ళి, అరిగిన డిస్కు తీసి అక్కడొక పెట్టె ఇరికిస్తారు. కుంగిన పక్క లేస్తుంది, నరానికి దారి దొరుకుతుంది. తరవాత వీపు మీద చిన్న చిన్న గాట్లలోంచి స్క్రూలు. రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేచి నిలబడవచ్చు.

"అందరికీ ఇది కుదరదు. వంపు మరీ పెద్దదై బిగిసిపోతే, మనిషి ముందుకి ఒరిగిపోతే, పెద్ద కోతే గతి" అన్నాడు డాక్టరు. ఎముక గట్టిదో కాదో పరీక్ష చేయించాడు, స్క్రూ నిలవాలి గదా. కొన్నాళ్ళు తొడ తిమ్మిరెక్కి బలహీనంగా ఉండవచ్చనీ, అతికిన చోట నడుం ఇక వంగదనీ, కాలినొప్పి పూర్తిగా పోతుందని ప్రమాణం చెయ్యలేననీ చెప్పాడు. "పైవంపు జోలికి పోను. భుజం ఇలాగే ఉంటుంది."

ఆవిడ నవ్వింది. "కృష్ణుడు కుబ్జ పాదాలు తొక్కిపట్టి, గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే వంకర్లన్నీ పోయాయిట. నువ్వెన్ని వేళ్ళు పెడతావు?"

"ఆయనకి ఎక్సరే అక్కర్లేదమ్మా. నాకు అడుగడుక్కీ కావాలి."

ఆపరేషను గది బయట కూచున్నప్పుడు, ఆవిడ మీద నేను విసిరిన విసుర్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. వంకర ఆవిడ వెన్నులో ఉంటే, వంకలు పెట్టింది నేను. ఏది పెద్ద జబ్బో ఎక్సరేలో తేలదు.

మర్నాడు ఆవిడని లేపి నిలబెట్టారు. తొడ నెలన్నర సతాయించింది. కొత్త ఎక్సరే చేతికి రాగానే పాత కోణమానిని దుమ్ము దులిపి కొలిచాను. 18 డిగ్రీలు. పరిగెత్తుకెళ్ళి చెబితే, "అలాగా, ఆ చెప్పులిలా పడెయ్యండి" అంది. గుమ్మం దిగి, వీధి చివరిదాకా వెళ్ళి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చింది. నేను కొలవాల్సింది అదిట.

కిందటి కార్తీకంలో రేవుకి వెళ్ళాం. దారిలో ఒక్కసారి ఆగింది, అదీ నాకు ఆయాసం వచ్చి. మెట్లు దిగి, దొప్పలో దీపం వదిలింది. నడుం వంగక కూర్చోవడానికి నా భుజం పట్టుకుంది. ఎడమ భుజం ఎప్పటిలాగే కిందికే ఉంది.

మొన్న అయిదో దర్జీ కొలతలు తీసుకుంటూ ఒక భుజం కొలిచి టేపు మడవబోయాడు.

"ఆగు బాబూ. రెండు భుజాలూ విడివిడిగా కొలు" అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. ఏమీ అనలేదు.