దొరికిందోచ్... డబ్బా!

సెలవురోజు. నాన్న చేతిలో జీపీఎస్. అమ్మ భుజాన నీళ్ల సీసా. పిల్లల చూపులేమో చెట్ల తొర్రల్లో! అమెరికాలో ఎన్నో కుటుంబాలకు ఇష్టమైన ఈ ఆటే జియోక్యాచింగ్.

2000 మే 2న జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన తేడాను అమెరికా ప్రభుత్వం తీసేసింది. మర్నాడే డేవ్ ఉల్మర్ ఓరెగన్‌లో ఓ నల్ల బకెట్‌ దాచి, అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పేశాడు. అలా మొదలైంది.

డబ్బా దొరికితే అందులోని పుస్తకంలో పేరు రాయాలి. బొమ్మ తీసుకుంటే, విలువలో అంతకు తగ్గనిది పెట్టాలి. మూత బిగించి, ఉన్నచోటే దాచేయాలి. కాపలా ఎవరూ ఉండరు. ఒక్కరు కక్కుర్తిపడినా తర్వాత వచ్చే చిన్నారికి మిగిలేది ఖాళీ డబ్బానే. అందుకే కారు బొమ్మ తీసుకున్న పిల్లాడు జేబులోని రంగుల గోళీని అక్కడ వదిలి వస్తాడు... ముఖం తెలియని నేస్తం కోసం!