హిందూపురంలో వెంట్రుకవాసి

బెంగుళూరులో ధర్మవరం వైపు వెళ్ళే రైలెక్కి కూర్చుంటే, గౌరీబిదనూరు దాటిన కాసేపటికి పెట్టెలో కన్నడం తగ్గుతుంది, తెలుగు హెచ్చుతుంది. హిందూపురం దగ్గర పడిందన్నమాట! సముద్రమట్టానికి సుమారు రెండు వేల అడుగుల ఎత్తున వున్న ఈ ఊరికి మురారిరావు తన తండ్రి హిందోజీరావు పేరు పెట్టాడని చెబుతారు. 2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. బెల్లం, చింతపండు, పట్టుగూళ్ళు - ఈ మూడింటి బేరాలతో ఊరికి పేరు.

యాత్రికులు ఇక్కడ దిగేది లేపాక్షి కోసం. మేము వెళ్ళింది మాత్రం ఒక ఇంజను కోసం.

మా బంధువుల ఇంట ఒక పాత అంబాసిడరు కారు వుంది. ఆ ఇంటి ఆడపిల్లలు ముగ్గురూ అత్తవారింటికి అందులోనే వెళ్ళారు. అమ్మేద్దామంటే పెద్దాయన ఒప్పుకోరు. రెండేళ్ళ కిందట ఇంజను బోరుకు వచ్చిందంటే, మరో ఊళ్ళో చేయించారు. రంగు వేసుకుని కొత్త పెళ్ళికొడుకులా తిరిగి వచ్చిన ఆ ఇంజను నాలుగు నెలలు తిరక్కుండానే నూనె తాగడం, నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు, ఇనుము పోయిందన్న బాధ మరొక ఎత్తు.

ఇనుము పోవడమేమిటంటారా? చొక్కా బిగువైతే దర్జీ కుట్టు విప్పి వదులు చేస్తాడు. సిలిండరులో ఒకసారి చెక్కిన లోహం మళ్ళీ అతకదు. అరిగిన గొట్టాన్ని కాస్త పెద్దది చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టను వేయడమే బోరు చేయడం. ఇటువంటి ఇంజన్లకు పిస్టన్లు సాధారణంగా పది, ఇరవై, ముప్ఫై, నలభై థౌల హెచ్చు సైజుల్లో దొరుకుతాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం రెండు, మూడు, మహా అయితే నాలుగు థౌలు. మా వాళ్ళ ఇంజను అప్పటికే ఇరవై దాటింది. ఇప్పుడు ముప్ఫై చేయాలి. ఇదీ పాడైతే మిగిలేది నలభై ఒక్కటే. ఆ తరువాత లైనరు దిగ్గొట్టించుకోవలసిందే. అంబాసిడరు తయారీయే 2014లో ఆగిపోయింది గదా, కొత్త బ్లాకు కోసం ఎక్కడికి వెళతాం?

హిందూపురంలో మేము వెళ్ళిన లేతు షాపు మూడు మిషన్ల చిన్న కొట్టు. మేస్త్రీ బ్లాకు వైపు కూడా చూడకుండా ముందు అడిగిన మాట: "పిస్టన్లు తెచ్చినారా సార్?"

ఈ ఒక్క ప్రశ్నతోనే సగం పరీక్ష అయిపోయింది. రవికె కుట్టేవారు ఆది రవికె లేనిదే కత్తెర పట్టరు. డబ్బా మీద ముప్ఫై అని వున్నా నాలుగు పిస్టన్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా వుంటాయని నమ్మకం లేదు. పిస్టనును మైక్రోమీటరుతో కొలిచి, దానికి కంపెనీ పుస్తకం చెప్పిన సందు కలిపి, ఆ అంకెకు సిలిండరును చెక్కాలి. "ముందు బోరు చేసేస్తాం, పిస్టన్లు తరువాత చూసుకోండి" అనేవారికి దండం పెట్టి వచ్చేయడం మంచిది.

తరువాత ఆయన బోరు గేజి దింపి కొలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క సిలిండరులో పైన, నడుమ, కింద - మూడు చోట్ల. ప్రతి చోటా నిలువుకు ఒకసారి, అడ్డానికి ఒకసారి. అంటే సిలిండరుకు ఆరు, నాలుగింటికీ ఇరవైనాలుగు అంకెలు. పిస్టను తిన్నగా దిగుతున్నట్టే కనిపించినా, కనెక్టింగ్ రాడ్ దాన్ని పక్కకు తోస్తూనే వుంటుంది. అందుకే గొట్టం ఒక దిక్కున ఎక్కువ అరిగి కోడిగుడ్డు వాలకానికి వస్తుంది. మంట దగ్గర అరుగుదల ఎక్కువ గనుక పైన వెడల్పు, కింద ఇరుకు. ఈ రెండు దోషాలూ పోయాయో లేదో కంటికి తెలియదు. అంకెలే చెప్పాలి.

మరి కంటికి తెలిసేదేమిటి? మెరుపు! సరిగ్గా అక్కడే మనం మోసపోతాము. సిలిండరు లోపల అద్దంలా మెరవకూడదు. హోనింగు చేసిన గోడ మీద సన్నని గీతలు ఒకదాన్నొకటి వాలుగా కోసుకుంటూ వలలా కనబడాలి. ఆ గీతల్లోనే నూనె నిలుస్తుంది. ఆ గీతల మీదే రింగులు ఒరుసుకుని కుదురుకుంటాయి. పని ముగిశాక వేడి సబ్బు నీళ్ళతో కడిగి, ఆరగానే నూనె పూసి, తెల్లటి గుడ్డతో తుడవాలి. గుడ్డ బూడిదరంగుకు తిరిగితే రాతిపొడి ఇంకా లోపలే వుందన్నమాట. అది కొత్త రింగులను కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. ఈ పరీక్షకు ఇంజనీరు అక్కర్లేదు, ఇల్లాలు చాలు.

క్రాంకు సంగతి వేరు. దాన్ని గ్రైండింగు చేసినప్పుడు మెడ దగ్గర మూల నిటారుగా తెగకుండా, చిన్న వంపు మిగలాలి. ఆ వంపు పోతే క్రాంకు ఒకనాడు అక్కడే విరుగుతుంది. నూనె రంధ్రాల అంచులు చేతికి గరుకుగా తగలకూడదు. హెడ్డుకు వాల్వులు బిగించి, తలకిందులుగా పెట్టి, గుంటల్లో కిరసనాయిలు పోసి కాసేపు చూడండి. వాల్వు సందుల్లోంచి కారితే సీటింగు పని మళ్ళీ చేయవలసిందే.

ఆ రోజు బోరు ముగిసింది గాని చివరి కొలత తీయనన్నాడు మేస్త్రీ. "వేడి మీద వుంది సార్, పొద్దున చూద్దాం." ఆయన మాట నిజం. ఇరవై డిగ్రీలు వేడెక్కితే ఈ పాటి సిలిండరు అర థౌకు పైగా సాగుతుంది. సందే ఒకటి రెండు థౌలైనప్పుడు ఆ అర తక్కువేమీ కాదు.

తీరిక దొరికింది గనుక పదిహేను కిలోమీటర్ల దూరాన వున్న లేపాక్షికి వెళ్ళాము. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో వేలాడే స్తంభం దగ్గర ఎప్పుడూ గుంపే. యాత్రికులు స్తంభం అడుగున గుడ్డ దూర్చి, ఇటు నుంచి అటు లాగి సంబరపడుతున్నారు. సందు వుందని చెబితే చాలలేదు, దూర్చి చూసుకోవాలి! మేస్త్రీ ఫీలర్ గేజి కూడా అదే పని చేస్తుంది. సిలిండరులో రింగును దించి, దాని కొసల మధ్య ఆ పలుచని రేకు కాస్త పట్టుగా జారితే కొలత కుదిరినట్టు.

ఇక్కడికి దగ్గరలోనే, పెనుకొండ వద్ద 2019 నుంచి కియా కార్ల ఫ్యాక్టరీ నడుస్తున్నది. అక్కడ కొత్త కార్లు వరుసకట్టి బయటికి వస్తాయి. పాత కారును బతికించవలసి వచ్చినప్పుడు మాత్రం మనకు దిక్కు ఇటువంటి చిన్న కొట్టే. అందులోని మంచి చేయిని గుర్తుపట్టడం మన పని.

మర్నాడు పొద్దున మేస్త్రీ మా ఎదుటనే మళ్ళీ ఇరవైనాలుగు చోట్లా కొలిచి, కాగితం మీద వేసి ఇచ్చాడు. లెక్కలో గంటన్నర కొలత కూలి కూడా వుంది. మా బంధువు సణిగారు. "అప్పుడు అక్కడ ఇంత కాలేదే!"

"అక్కడ కాగితమిచ్చినారా సార్?" అన్నాడాయన.

మా బంధువు మరి మాట్లాడలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కారు రిజిస్ట్రేషను పుస్తకంలో దాచుకున్నారు.