కారని లీకు

రాత్రి విశాఖపట్నంలో ఇనుప ఊచలు ఎక్కించుకున్న మా పది చక్రాల బండి, తెల్లవారుజామున నాలుగింటికి సాలూరులో ఆగింది. వేగావతి ఒడ్డునున్న ఈ ఊరికి లారీలే బతుకు. డ్రైవర్లు, క్లీనర్లు, మేస్త్రులు, బాడీ కట్టే వడ్రంగులు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. కోరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్ వెళ్ళే బళ్ళు ఘాటీ ఎక్కేముందు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాయి. టీ తాగాం. మావయ్య టైర్లు కొట్టి చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ దారిలో నడుపుతున్న ఆయన పక్కన కూర్చుని ఘాటీ ఎక్కాలన్నది నా చిన్నప్పటి కోరిక.

ఈ రోడ్డు ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. మావయ్యకి మాత్రం ఇంకా పాత నంబరు 43 గానే గుర్తు. కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు దాదాపు కొండల కాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి, ఎక్కుడంతా ఇక్కడి నుంచే.

పి. కోనవలస దాటి కొండెక్కుతుండగా ఇంజన్ గొంతు మారింది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా బండి లాగట్లేదు. రెండుసార్లు ఊగిసలాడి ఆగిపోయింది. క్లీనరు గుంటడు కిందికి దూకి వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు.

“డీజిలు అందట్లేదు అల్లుడూ,” అన్నాడు మావయ్య.

“ట్యాంకు సగం ఉంది కదా మావయ్యా?”

“ట్యాంకులో ఉంటే చాలదు. నాజిల్ దాకా రావాల.”

ఆయన వెతుకులాట ట్యాంకు దగ్గర మొదలైంది. మొదట మూత వదులు చేసి చెవి పెట్టాడు. మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోతే లోపల శూన్యం ఏర్పడి డీజిలు కదలదు, మూత తియ్యగానే బుస్సుమంటుంది. ఆ చప్పుడు రాలేదు. తర్వాత ఫిల్టరు కింద నీళ్ళు దిగే బుడ్డి విప్పి, కోసిన సీసాలోకి పట్టాడు. చుక్క నీరు లేదు. ఫిల్టరు మార్చి వారమే అయింది. ఇక ఫిల్టరు పైనున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతిపంపు కొట్టమన్నాడు. గుంటడు కొడుతుంటే స్క్రూ సందులోంచి తెల్లటి నురగ బుసబుసా పొంగింది. కొట్టగా కొట్టగా నురగ తగ్గి నికార్సయిన డీజిలు వచ్చింది. ఇంజన్ లేచింది. అర కిలోమీటరు నడిచి మళ్ళీ ఆగింది.

గాలి ఇంత పని ఎందుకు చేస్తుందో అక్కడే అర్థమైంది. ఈ పాత రకం బండిలో నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. లారీ టైరులోని గాలి ఒత్తిడికి అది ఇరవై రెట్ల పైమాటే. డీజిలు అణగదు కాబట్టి పంపు తోసిన తోపు నేరుగా నాజిల్‌కి చేరుతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే ఆ తోపంతా దాన్ని అణచడానికే సరిపోతుంది, నాజిల్ నోరు తెరవదు.

ఒకసారి తీసేసిన గాలి మళ్ళీ వచ్చిందంటే ఎక్కడి నుంచో లోపలికి వస్తూనే ఉందన్నమాట. మావయ్య ఐదు లీటర్ల డబ్బాని క్యాబిన్ వెనక ఎత్తుగా కట్టి, దాని గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపుకి బిగించాడు. పది నిమిషాలు ఇంజన్ తొణక్కుండా తిరిగింది. పంపు, ఫిల్టరు, నాజిళ్ళు అన్నీ నిర్దోషులే. తప్పు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఉంది.

నేను ఛాసిస్ కింద దూరి గొట్టం పొడవునా చెయ్యి పెట్టి చూశాను. అంతా పొడిగానే ఉంది.

“పొడిగా ఉందని ఒగ్గీకు. కారింది కంటికి అవుపడతాది, పీల్చింది అవుపడదు.”

ఫీడ్ పంపు దాకా డీజిలు వచ్చేది పీల్పుడుతోనే. అక్కడ సందుంటే డీజిలు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఎక్కుడులో ఇంజన్‌కి ఎక్కువ డీజిలు కావాలి, పీల్పుడూ పెరుగుతుంది. అందుకే మైదానంలో దాగిన తప్పు ఘాటీలో బయటపడింది.

ట్యాంకు మీది జాయింటు విప్పితే రూపాయి బిళ్ళకన్నా చిన్న రాగి వాషరు దొరికింది. గోటితో తడిమితేగాని తెలియనంత సన్నని గీత, లోపలి అంచు నుంచి బయటి అంచుదాకా. మావయ్య దాన్ని సన్న ఎమిరీ కాగితం మీద చదునుగా రుద్దాడు. బండికి దూరంగా స్టవ్ వెలిగించి, ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో వేశాడు. కాలిస్తే రాగి మెత్తబడుతుంది, బిగించినప్పుడు సందుల్లోకి సర్దుకుంటుంది. మళ్ళీ గాలి తీసి స్టార్ట్ చేశాం.

“నా మొదటి బండికి పంపు దింపించేసినాను,” అన్నాడు గేరు మారుస్తూ. “మూడు రోజులు, చేతిలో డబ్బంతా పోయింది. ఆఖరికి తప్పు గొట్టంలో ఉంది.” ఇప్పటి కామన్ రైల్ బళ్ళలో ఒత్తిడి 1600 బార్లు దాటుతుంది. నడుస్తున్న ఇంజన్‌పై ఆ గొట్టం వదులు చేస్తే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వాటి జోలికి చేత్తో పోకూడదని గుంటడికి రెండుసార్లు చెప్పాడు.

సుంకి, పొట్టంగి దాటాం. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి పొగమంచులో ఉంది. విమానాల ఇంజన్లు తయారయ్యే సునాబెడ మీదుగా మధ్యాహ్నానికి కోరాపుట్ చేరాం. ఊచలు దింపాక నేను ఆ జాయింటు తడిమి, “పొడిగానే ఉంది మావయ్యా,” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. గుంటడి చేతికి స్పానరు ఇచ్చాడు. వాడు బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతిపంపు ఒక్కసారి నొక్కాడు. నురగ లేదు. తేనెరంగు డీజిలు సన్నటి ధారగా దిగింది.

అప్పుడుగాని మావయ్య అన్నానికి లేవలేదు.